పేర్లు మూడైనా మిరప ఒక్కటే – మీ తోటలో ఉన్నది బొబ్బర కాదు

ప్రశ్న: ఆగస్టులో ఇరవై సెంట్లలో బాగా ఘాటుండే మిరప నాటాను. భూత్ జొలోకియా, రాజా మిర్చా, ఉమొరోక్ అని మూడు రకాల విత్తనాలు తెప్పించాను. ఇప్పుడు ఆకులు ముడుచుకుంటున్నాయి, పూత రాలుతోంది. బొబ్బర తెగులని చెప్పి షాపులో నాలుగు మందులు కలిపి ఇచ్చారు. మూడుసార్లు కొట్టినా తగ్గలేదు. ఇంకేం కొట్టాలి? మూడింటిలో ఘాటైన రకం ఏది? దాని విత్తనం ఉంచుకుంటాను.
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: ముందు స్ప్రేయరు కింద పెట్టండి. మీరు పంపిన ఫొటోల్లో ఆకుల అంచులు కిందికి తిరిగి, ఆకు తిరగబడిన పడవలా ఉంది. కాడలు సాగాయి. ఇది కింది ముడత, తెల్లనల్లి పని. అదే బొబ్బర, అంటే వైరస్ తెగులు అయితే లేత ఆకులు పసుపు తిరిగి చిన్నవవుతాయి, ఈనెలు దళసరిగా మారతాయి, మొక్క గిడసబారుతుంది. అనుమానం ఉంటే కొన నుంచి మూడో లేత ఆకును తిప్పి, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దంతో ఈనె పక్కన చూడండి. తెల్లగా, గాజు పొడిలా కదిలేవి కనిపిస్తాయి. పూలను తెల్ల కాగితం మీద తట్టి తామర పురుగులు ఉన్నాయేమో కూడా చూసుకోండి. అవి ఉంటే ఆకు పైకి ముడుచుకుంటుంది.

మీకు ఇచ్చిన నాలుగు మందుల్లో ఒకటి సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు. దాంతో నల్లిని తినే మిత్రపురుగులు పోయి నల్లి పెరిగింది. అంటే జబ్బును మీరే డబ్బిచ్చి పెంచుకున్నారు. ఇక ‘వైరస్ మందు’ అనేది ఏ డబ్బాలోనూ లేదు.

మీ ఇరవై సెంట్లకు 40 లీటర్ల నీళ్లు చాలు. లీటరుకు 1 మి.లీ. చొప్పున స్పైరోమెసిఫెన్ 22.9 శాతం మందు 40 మి.లీ. కలిపి, సాయంత్రం ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టండి. పది రోజుల తర్వాత కూడా నల్లి కనిపిస్తేనే డయాఫెన్‌థియురాన్ 50 శాతం పొడి లీటరుకు 1.25 గ్రాములు. ఇందులో ఇంకేదీ కలపొద్దు, టానిక్ కూడా. మందు కొట్టాక వారం దాకా కాయ కోయొద్దు, ఇది పచ్చిగా తినే సరుకు. పూత నిలవడానికి ప్లానోఫిక్స్ 4.5 లీటర్లకు 1 మి.లీ. ఒక్కసారి చాలు. యూరియా ఆపండి. వేడికి కూడా ఈ మిరప పూత రాల్చేస్తుంది, ఎండ మండే రోజుల్లో 35 శాతం నీడనిచ్చే నెట్ ఉంటే మేలు.

ఇక విత్తనం సంగతి. మీరు కొన్నవి మూడు రకాలని ఎవరు చెప్పారు? ఒకే మిరపను అస్సాంలో భూత్ జొలోకియా, నాగాలాండ్‌లో రాజా మిర్చా, మణిపూర్‌లో ఉమొరోక్ అంటారు. అస్సాంలోనే బిహ్ జొలోకియా, అంటే విషపు మిరప అనే పేరు కూడా ఉంది. ఉమొరోక్ అంటే చెట్టు మిరప. మొక్క ఏడాదితో పోకుండా ఇంకో రెండేళ్లు నిలుస్తుంది మరి. బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వైపు నాగా మొరిచ్ అంటారు. భూత్ అనగానే మనవాళ్లు ప్యాకెట్ మీద దెయ్యం బొమ్మ వేసి ధర పెంచేశారు. నిజానికి అది భూటియాల కొండల వైపు నుంచి వచ్చిన మిరప అనే అర్థంలో ‘భోట్’ అని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఊరికీ ఊరికీ కాయ ఆకారం, ఘాటు కొంత మారతాయి. అది విత్తనం ఏ చోటిది అన్నదాన్ని బట్టే గానీ పేరును బట్టి కాదు.

మన తేజ, సన్నం కాప్సికమ్ ఆన్యుమ్ జాతివి. ఈ భూత్ జొలోకియా ప్రధానంగా కాప్సికమ్ చైనెన్స్, కొంత ఫ్రూటెసెన్స్ కలిసింది. చైనెన్స్ జాతికి 1776లో చైనా పేరు పెట్టిన వృక్షశాస్త్రవేత్త జాక్విన్ పొరపడ్డాడు, దాని పుట్టిల్లు అమెజాన్ ప్రాంతం. మీ తోటలో కణుపుకు రెండు మూడు పూలు, ఆకుపచ్చ ఛాయ ఉన్న రేకులు, తొడిమ దగ్గర నొక్కినట్టు గీత ఉన్న మొక్కలే అసలువి. కణుపుకు ఒక్కటే తెల్ల పువ్వు ఉంటే మీకు మామూలు మిరప అంటగట్టారు.

ఘాటు విషయంలో ఆశలు తగ్గించుకోండి. 2007లో గిన్నిస్‌లో ఈ మిరపకు నమోదైన లెక్క 10,01,304 స్కోవిల్ యూనిట్లు (ఘాటును కొలిచే లెక్క ఇది). మన తేజ లక్ష దాకా వస్తుంది. అయితే అస్సాంలోని తేజ్‌పూర్ విత్తనాన్నే పొడి వాతావరణం ఉన్న గ్వాలియర్‌లో పెంచి చూస్తే ఘాటు సగానికి పైగా తగ్గింది. మీ పల్నాడు ఎండ తేజ్‌పూర్ తేమ కాదు. నాగాలాండ్‌లో పండే ఈ మిరపకు ‘నాగా మిర్చా’ పేరుతో 2008లో భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లే హక్కు) వచ్చింది, కాబట్టి మీ కాయను ఆ పేరుతో అమ్మితే చిక్కు. 2021లో లండన్‌కు వెళ్లిన సరుకు నాగాలాండ్ పెరెన్ జిల్లా టెనింగ్‌ది. అది కూడా పచ్చి కాయే, మన ఎండు మిరప బేరం కాదు. కోతకు ముందే కొనేవాణ్ని చూసుకోండి.

విత్తనం ఉంచుకోవాలంటే పక్కన మిరప తోటలు ఉన్నాయి కాబట్టి తేనెటీగలు ఆ పుప్పొడిని తెచ్చి కలిపేస్తాయి. మంచి మొక్కల్లో ఒకటి రెండు కొమ్మలకు మొగ్గ దశలోనే పల్చని గుడ్డ సంచి కట్టి, కాయ దిగాక తీసి ఆ కాయలకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. విత్తే ముందు ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేట్ లీటరుకు 150 గ్రాములు కలిపిన నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగి నీడన ఆరబెట్టండి. మొలకకు మూడు నాలుగు వారాలు పట్టినా టెన్షన్ పడొద్దు.

కోసే కూలీలకు రబ్బరు గ్లవుజులు ఇవ్వండి. ఆ ఘాటు నీళ్లతో పోదు, ముందు నూనె రాసి తుడిచి తర్వాత సబ్బుతో కడగాలి. మిగిలిన మందు డబ్బాలను షాపుకు పట్టుకెళ్లి బిల్లు అడగండి. విత్తన ప్యాకెట్లకు కూడా లాట్ నంబరు వేసిన బిల్లు తీసుకోండి, ఇవ్వనంటే మండల వ్యవసాయ అధికారికి ఫిర్యాదు చేయండి.