రాగి లేని అతివాహకాలు: కథ సీసం, బిస్మత్‌లతో మొదలుపెట్టాలి

రాగి లేని ఆక్సైడులలో అతివాహకత (చాలా చల్లబరిస్తే నిరోధం లేకుండా విద్యుత్తు ప్రవహించడం) ఉంటుందా, ఒకే లోహం రెండు సంయోజకతల్లో ఉండటమే దానికి కారణమా అని అడిగారు. ఉంటుంది. రెండో ప్రశ్నకు మాత్రం సగమే ఔను.

కావలిలో డిగ్రీ చదివేటప్పుడు మా కెమిస్ట్రీ మాస్టారు బీకరులో రెడ్ లెడ్ అనే సీసం ఆక్సైడు పోసి, సజల నత్రికామ్లం కలిపి వేడి చేశారు. నారింజ ఎరుపు పొడి మా కళ్లముందే చాక్లెట్ రంగుకు తిరిగింది. వడపోస్తే కాగితం మీద గోధుమరంగు ముద్ద మిగిలింది, కిందికి రంగులేని నీళ్లు దిగాయి. ఆ నీళ్లలో పొటాషియం అయోడైడ్ చుక్క పడగానే చిక్కటి పసుపు అవక్షేపం! "చూడండిరా, పొడి ఒకటే, సీసం రెండు రకాలు" అన్నారు. మూడు సీసం పరమాణువుల్లో రెండింటి సంయోజకత 2, ఒకదానిది 4. ఆమ్లంలో కరిగింది మొదటి రకం, కాగితం మీద మిగిలింది రెండోది.

అయినా రెడ్ లెడ్ విద్యుత్తును పోనివ్వదు. ఏ సీసం చోటు దానిది, ఎలక్ట్రాన్లు కదలవు. అందుకే సగం ఔనన్నాను.

బేరియం, బిస్మత్, ఆక్సిజన్‌లు కలిసిన బేరియం బిస్మతేట్‌లో లెక్క ప్రకారం బిస్మత్ సంయోజకత 4 కావాలి. అది బిస్మత్‌కు సరిపడదు. ఒకటి 3 వైపు, పక్కది 5 వైపు జరుగుతాయి. నిజమైన ఆవేశంలో తేడా అంత ఉండదనుకోండి. ఒకదాని చుట్టూ ఆక్సిజన్లు దూరం జరిగితే, పక్కదాని చుట్టూ దగ్గరవుతాయి. ఈ వరుస ఉన్నంతకాలం అదీ బంధకమే. వరుస చెదిరితేనే అసలు కథ. బిస్మత్ స్థానంలో చాలావరకు సీసం చేర్చి, 1975లో అమెరికా రసాయన సంస్థ డ్యూపాంట్‌లో ఆర్థర్ స్లైట్ బృందం సుమారు 13 కెల్విన్ల దగ్గర అతివాహకత చూపింది. అందరికీ తెలిసిన బెడ్నార్జ్, ముల్లర్‌ల రాగి ఆక్సైడు అతివాహకం వచ్చింది 1986లో! 1988లో బేరియం స్థానంలో కొంత పొటాషియం చేర్చితే అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రత సుమారు 30 కెల్విన్లకు చేరింది. అందులో రాగీ లేదు, పరమాణువుల అయస్కాంతత్వం ఒక వరుసలో నిలిచే అయస్కాంత క్రమమూ లేదు.

ఈ అతివాహకత ఘనతంతా చాలామంది జాలక కంపనాలకే, అంటే స్ఫటికంలో పరమాణువుల కదలికలకే ఇస్తారు. బయటి ఎలక్ట్రాన్లు రెండూ ఉంచుకోవాలి, లేదా రెండూ వదులుకోవాలి అనే బిస్మత్ స్వభావమే దీనికి మూలమని నా గట్టి నమ్మకం.

నెల్లూరులో, ఒంగోలులో ఇంటర్ పిల్లలు "రెడ్ లెడ్ మిశ్రమ ఆక్సైడు" అని ఒక్క మార్కు కోసం బట్టీ పడుతున్నారు. బీకరు ముట్టుకోకుండానే ప్రాక్టికల్ రికార్డులు నిండిపోతున్నాయి. ఆ చాక్లెట్ రంగు పదార్థమే కారు బ్యాటరీ ధన పలక మీద ఉంటుందనీ, అది విద్యుత్తును చక్కగా ప్రవహింపజేస్తుందనీ వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.