పాత షెవ్రొలే లారీ అందుకోకుంటే ముందు కార్బరేటర్ విప్పొద్దు

అల్లుడా,

నువ్వు పంపిన 1951 మోడల్ షెవ్రొలే లారీ ఫోటోలు చూసినాను, చానా సంతోషమయింది, జనరల్ మోటార్స్ వాళ్లు 1928 నుంచే బొంబాయిలో లారీలు బిగించి అమ్మినారు, వాటిల్లో తుక్కు కింద పోకుండా మిగిలినవి ఎన్నని. సెల్ఫ్ కొడితే తిరగతా ఉంది గానీ అందుకోలేదు, అందుకున్నా ఐదారు కిలోమీటర్లకి ఆగిపోతా ఉంది, చిత్తూరు మెకానిక్ కార్బరేటర్ (పెట్రోల్‌నీ గాలినీ కలిపేది) విప్పుదాం అంటా ఉండాడు అన్నావు గదా. వద్దని చెప్పు. పాత పెట్రోల్ బండ్లలో కార్బరేటర్ తప్పు అనుకునేది చానాసార్లు కరెంటు తప్పే అయి ఉంటాది, ముందు ఆ పక్క తేల్చుకో.

నీది 6 వోల్టుల బండి. 12 వోల్టులతో పోలిస్తే అదే పనికి రెండింతల కరెంటు లాగతాది, కాబట్టి కేబుళ్లు లావుగా ఉండాల, ఎవరో కారు కేబుళ్లు వేసుంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కి, అంటే స్పార్క్ పుట్టించేదానికి, వోల్టేజే అందదు. ఎర్త్ వైరు ఛాసిస్‌కి బిగించే చోట పెయింటూ తుప్పూ గీకి బిగించు. తర్వాత డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచేది) కప్పు తీసి పాయింట్లు (లోపల తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) చూడు, చానాకాలం నిలబడ్డ బండికి పాయింట్ల మీద తెల్లగా పొర కడతాది, సన్న ఆకురాయితో (పాయింట్ ఫైలు) రుద్ది, శుభ్రమైన అట్టముక్క మధ్యలో పెట్టి లాగు, ఫీలర్ గేజి (సందు కొలిచే రేకులు) పెట్టి 16 నుంచి 18 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) గ్యాప్ పెట్టుకో.

ఇప్పుడు కాయిల్ నుంచి వచ్చే మెయిన్ వైరు కప్పులోంచి పీకి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని ఇంజన్ బ్లాక్‌కి పావు అంగుళం దూరంలో పెట్టి సెల్ఫ్ కొట్టించు. స్పార్క్ నీలంగా టపటపా కొడితే మంచిది, పసుప్పచ్చగా నీరసంగా ఉంటే మొదట కండెన్సర్ (పాయింట్లు కాలకుండా కాపాడేది) మార్చు, దాంతో పోకుంటే కాయిల్ చూడు. రెండూ ఒకేసారి మార్చొద్దు, ఏది తప్పో ఎప్పటికీ తెలీదు. ఈ టెస్ట్ చేసేటప్పుడు దగ్గర్లో పెట్రోల్ డబ్బా ఉండకూడదు, ఎవరో చెప్పినారని కార్బరేటర్ నోట్లో పెట్రోల్ పోసి సెల్ఫ్ కొట్టొద్దు నాయనా, బ్యాక్‌ఫైర్ అయితే మొహం కాలతాది.

స్పార్క్ బాగుండి కార్బరేటర్‌లో టపాకాయల్లా పేలతా ఉంటే ప్లగ్ వైర్లు తారుమారై ఉంటాయి, సిలిండర్లు మండే వరస 1-5-3-6-2-4.

పెట్రోల్ సంగతి. ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, లోపలికి చూస్తా యాక్సిలరేటర్ లివర్ లాగు, సన్నగా ధార కొట్టాల. కొట్టకుంటే కార్బరేటర్‌లోకి పెట్రోల్ రాలేదేమో, ఏసీ కంపెనీ పెట్రోల్ పంపు కింద ఉండే గ్లాసు చూడు, అడుగున ఎర్ర మడ్డి ఉంటే ట్యాంకు తుప్పు. ట్యాంకు దించి కడగకుండా కార్బరేటర్ ఎన్నిసార్లు కడిగినా దండగే. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది నీళ్లు పీలుస్తాది, పాత రబ్బరుని మెత్తబరస్తాది, కాబట్టి పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర), పైపులు కొత్తవి, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించు.

ఐదారు కిలోమీటర్లకి ఆగేదానికి నా అనుమానం మూడింటి మీద ఉంది, దీనికి చల్లారిన బండి కాదు, ఆగిన నిమిషంలోనే చూడాల. రోడ్డు పక్కకి తోసి వెంటనే ట్యాంకు మూత తెరువు, ఉస్సుమని గాలి లోపలికి పోతే మూతలో రంధ్రం మూసుకుపోయింది, పెట్రోల్ వాడే కొద్దీ లోపల గాలి చాలక పంపు లాగలేకపోతా ఉంది, ఆ రంధ్రం పొడిస్తే చాలు. ఉస్సు రాకుంటే స్పార్క్ చూడు, పొద్దున నీలంగా ఉన్నది ఇప్పుడు లేకుంటే వేడికి కాయిల్ గానీ కండెన్సర్ గానీ చచ్చిపోతా ఉన్నట్టు, చల్లారినాక మళ్లీ బాగై మనల్ని మోసం చేసేది ఇవే. స్పార్క్ ఉండి ధార లేకుంటే వేడికి పెట్రోల్ ఆవిరై లైన్లో నిలిచిపోయినట్టు, పంపు మీద తడిగుడ్డ వేసి చూడు, అందుకుంటే పైపుని ఎగ్జాస్ట్ నుంచి దూరంగా జరిపి కట్టించు, మన మే నెల ఎండకి ఇది మామూలే.

అన్నీ కుదిరినాక ముందు కాణిపాకం దాకా పోయి పూజ చేయించుకుని రా, దగ్గరే కాబట్టి ఆగినా తెచ్చుకోవచ్చు. వచ్చినాక ఒక ప్లగ్గు విప్పి చూడు, మట్టి రంగులో ఉంటే సరే, నల్లగా మసి ఉంటే అప్పుడు కార్బరేటర్ మాట మాట్లాడదాం. మొగిలి ఘాటు ఎక్కించేది మాత్రం నాకు ఫోన్ చేసినాకే.

మీ మామ