‘పురుగులు తింటుంది’ అన్న తరువాత: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం పోయిన వారమే చేరింది. గడ్డిమైదానాల్లో, అడవుల్లో, పొలాల్లో, ఊళ్ళలో పురుగులు తిని బతికే పక్షుల గురించీ జంతువుల గురించీ ఇరవై రెండు పేజీలు ఓపికగా రాశావు. ఒకసారి పాఠకుడిగా, మరోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. నీ వాక్యానికి చదివించే గుణం ఉంది కనుక దాని జోలికి పోను. నా అభ్యంతరమంతా ఒక్క మాట మీద. ‘కీటకాహారి’ అన్న మాటను నువ్వు ముప్పై నాలుగు సార్లు వాడావు, వాడిన ప్రతిచోటా అక్కడితో ఆ ప్రాణి సంగతి ముగించి తరువాతి ప్రాణికి వెళ్ళిపోయావు. పాలపిట్ట కీటకాహారి, అలుగు కీటకాహారి, గబ్బిలం కీటకాహారి. పగటిపూట కరెంటు తీగ మీద కూర్చుని నేలను గమనించేది ఒకటి; రాత్రిపూట పుట్టను గోళ్ళతో తవ్వి, నోట్లో పళ్ళే లేకపోయినా పొడవాటి జిగురు నాలుకతో చెదలను లాక్కునేది మరొకటి; చీకట్లో చెవులతో వేటాడేది ఇంకొకటి. ఆ మాట వాటి కడుపులో ఏముందో మాత్రమే చెబుతుంది. అది కడుపులోకి ఎలా చేరింది, ఏ వేళప్పుడు, ఎలాంటి చోట అన్న సంగతులే నువ్వు రాయవలసిన వ్యాసం.

ఈ తప్పు నేనూ చేసినవాణ్ణే. నా మొదటి వ్యాసాల్లో ఒకదానిలో దసరా పొద్దున్న పాలపిట్ట జొన్నకంకి మీద వాలి గింజలు ఏరుకుంటున్నట్టు ఎంతో మురిపెంగా వర్ణించాను. అచ్చయిన పది రోజులకు ఒక రైతు దగ్గరి నుంచి కార్డు వచ్చింది. పిట్ట చేలో వాలడం నిజమేననీ, అది చూసేది కంకిని కాదనీ, మొదళ్ళ దగ్గర పాకే మిడతనూ పేడపురుగునూ అనీ, నేను చేలో కాసేపు కూర్చుని ఉంటే ఆ సంగతి నాకే తెలిసి ఉండేదనీ రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గర ఉంది. తెలంగాణ రాష్ట్ర పక్షి అయిన ఆ పిట్టను పండగనాడు చూస్తే శుభమని అందరం వెతుక్కుంటాం. చూపించి డబ్బు అడగడానికి దాన్ని పట్టి పంజరంలో పెట్టేవాళ్ళూ ఉన్నారు. అది వాలడానికి ఎత్తయిన చోటు, దాని కింద పొట్టి గడ్డి, ఆ గడ్డిలో కదిలే పెద్ద పురుగు, ఈ మూడూ ఒకేచోట లేకపోతే పాలపిట్ట ఉండదన్న సంగతి మాత్రం ఎవరూ తలచుకోరు.

నీ పొలాల అధ్యాయంలో ‘బ్లాక్ డ్రాంగో’ అని రాశావు. పసుల పోలిగాడు అని రాసి ఉంటే సగం జీవావరణ శాస్త్రం ఆ పేరులోనే వచ్చేసేది. పేరు పెట్టినవాడు పసులకాపరే అయి ఉంటాడని నా ఊహ. మేస్తున్న గేదె అడుగు వేసినప్పుడల్లా గడ్డిలోంచి మిడతలు ఎగురుతాయి. గేదె వీపు మీద కూర్చున్న పోలిగాడు గాలిలోనే వాటిని అందుకుని మళ్ళీ అదే వీపు మీదికి వస్తాడు. తెల్లకొంగ అదే గేదె కాళ్ళ దగ్గర నడుస్తూ నేల మీది పురుగును పట్టుకుంటుంది. ఒకే పశువు చుట్టూ ఇద్దరి వేట సాగుతున్నా పోట్లాట తక్కువ, ఎందుకంటే ఒకరిది నేల, ఇంకొకరిది గాలి. ఇప్పుడు గేదెల మంద తగ్గి ట్రాక్టరు వచ్చింది. దుక్కిలో నాగళ్ళ వెనక కొంగలు బారులు తీరుతున్నాయి. మీ ఊళ్ళో పోలిగాడు ఏం చేస్తున్నాడో గమనించి ఒక పేరా రాయి. దానికి పుస్తకం చూడనక్కరలేదు.

కలివికోడి విషయంలోనూ ఇంతే. పేరులోనే కలివి పొద ఉంది. 1848లో శాస్త్ర ప్రపంచానికి పరిచయమైన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న దశలో 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. ఈ కథను నువ్వు రెండు పేజీల్లో బాగా చెప్పావు. అయితే అది కనబడటం, మాయమవటం, దొరకటం మాత్రమే చెప్పి, ఆ పక్షి అక్కడే ఎందుకు ఉందన్న ప్రశ్నను వదిలేశావు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం అంచుల్లో పొదలు మరీ దట్టంగానూ ఉండవు, మరీ పలచగానూ ఉండవు. పొదకూ పొదకూ మధ్య బోసి నేల ఉంటుంది. రాత్రిపూట పరుగెత్తి పురుగును ఏరుకునే పక్షికి ఆ బోసి నేల కావాలి, పగలు దాక్కోవడానికి పొద కావాలి. దాని రెట్టల్లో చెదల, చీమల అవశేషాలు కనిపించాయి. పశువులు బొత్తిగా మేయకపోతే పొదలు కమ్ముకుంటాయి. కట్టెల కోసం అతిగా నరికితే నేల బోడి అవుతుంది. రెండు విధాలా పక్షికి నష్టమే. పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక వచ్చి వాటి మీద అడుగుజాడలు వెతికేవారు. మూడు వేళ్ళ ఆ అచ్చును నీ వ్యాసంలో ఒక్క వాక్యంలోనైనా చూపిస్తే, పాఠకుడు వంగి నేలను చూస్తాడు.

రోళ్ళపాడు గురించి రాసిన పేజీలు బాగున్నాయి. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన అభయారణ్యంలో ఆ పిట్టే కరువైన సంగతిని గొంతు పెంచకుండా చెప్పావు. చలికాలంలో అక్కడికి వచ్చే గడ్డి డేగల సంగతి కూడా కలుపు. గద్ద జాతి అనగానే మనకు ఎలుకలూ పాములూ గుర్తొస్తాయి, కానీ ఇవి మిడతలను విరివిగా తింటాయి, సాయంత్రానికి గుంపుగా వచ్చి గడ్డిలో నేల మీదే నిద్రపోతాయి. గడ్డి పోతే వాటికి పడకా పోతుంది, భోజనమూ పోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. నీ వ్యాసంలో ఎక్కడా ఉసుళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదలు, లేవు. తొలకరి వాన పడిన సాయంత్రం పుట్ట దగ్గర ఒక్క అరగంట నిలబడి ఉంటే ఈ ఇరవై రెండు పేజీలు వేరే విధంగా వచ్చేవి. వాన వెలిసి నేల ఆవిరి విడుస్తున్నప్పుడు పుట్ట మీద కన్నాలు తెరుచుకుంటాయి. ముందు పెద్ద తలల సైనిక చెదలు వచ్చి అంచున నిలుస్తాయి, వాటి మధ్యలోంచి రెక్కల ఉసుళ్ళు తోసుకుంటూ బయటికి వస్తాయి. కన్నం దగ్గరే కప్ప కూర్చుని, కదలకుండా, నాలుకకు అందినంత అందుకుంటుంది. రెండు గజాల దూరంలో గోరింకలూ కాకులూ నేల మీదివి ఏరుకుంటాయి. పోలిగాడు తీగ మీంచి దూకి గాలిలో పట్టుకుంటాడు, పసిరిక పిట్టలు ఇంకాస్త ఎత్తులో తిరుగుతాయి, వాటిపైన తాటిపిట్టలు కొడవళ్ళలా గాలిని కోస్తుంటాయి. గింజలు తినే పిచ్చుక సైతం నాలుగు ముక్కున కరుచుకుని పిల్లల దగ్గరికి పోతుంది, ఎందుకంటే దాని పిల్లలు పెరిగేది పురుగుల మీదే. చీకటి పడుతుండగా పక్షులు తగ్గి గబ్బిలాలు వస్తాయి. ఆపైన దీపం పెట్టి, నీళ్ళ పళ్ళెం ఉంచి, పడ్డవాటిని వేయించుకుని తినే మనుషులూ ఉన్నారు. మా మేనత్త బొరుగుల్లో కలిపి పెట్టేది. ఆ అరగంట ఊరంతా కీటకాహారే! ఆ పరగణాలోని పుట్టలన్నీ ఒకే వానకు ఒకేసారి తెరుచుకోవడం వెనక ఒక లెక్క ఉంది: తినేవాళ్ళ కడుపులు నిండిపోయాక కూడా కొన్ని జంటలు మిగలాలి, అవి రెక్కలు రాల్చి మట్టిలోకి దిగాలి. ‘చీమలు పెట్టిన పుట్టలు’ అని మనం అలవాటుగా అంటాం కానీ ఆ పుట్టలు పెట్టేది చెదపురుగే అన్న సంగతిని ఇక్కడ సరదాగా చెప్పవచ్చు.

ఈ దృశ్యంలో ఎత్తులున్నాయి, వేళలున్నాయి, పనిముట్లున్నాయి. నువ్వు నాలుగు అధ్యాయాల్లో విడివిడిగా చెప్పదలచినది ఒకే చోట దొరుకుతుంది. అడవిలో ఇదే పంపకం చెట్టు మీద నిలువునా జరుగుతుంది. వడ్రంగి పిట్ట బెరడును తొలుస్తుంది, చిన్న పిట్టలు ఆకు అడుగున వెతుకుతాయి, కుకుడుగువ్వ నేలలో ముక్కు గుచ్చి లోపలే తెరుస్తుంది. తూర్పు కనుమల్లోని తేమ అడవుల్లో ఒక గోధుమరంగు వడ్రంగి పిట్ట ఉంది. అది చీమలను తింటుంది, అవే చీమలు చెట్టు మీద కట్టుకున్న గూటిని తొలిచి అందులోనే గుడ్లు పెడుతుంది. దీన్ని చూసి ఆశ్చర్యపడ్డానని నువ్వు రాయకు, చూసింది రాయి.

ఒక చోట నీతో గట్టిగా విభేదిస్తున్నాను. ప్రతి అధ్యాయం చివరా ఈ ప్రాణులను ‘రైతు నేస్తాలు’ అన్నావు. పొలంలో పంగల కర్రలు నాటితే పిట్టలు వాలి శనగపచ్చ పురుగును ఏరుకుంటాయన్నది మంచి పద్ధతే, వ్యవసాయ అధికారులు చెప్పేదే. కానీ పిట్టకు శత్రు పురుగు, మిత్ర పురుగు అన్న తేడా లేదు. వరిచేలో పైరు రసం పీల్చే దోమను తినే సాలీడును కూడా అది తింటుంది. పసిరిక పిట్ట తేనెటీగను పట్టి, కొమ్మకేసి టపటపా బాది, కొండిని రుద్ది తీసేసి మింగుతుంది. తేనెపెట్టెలు పెట్టుకున్నవాణ్ణి అడిగితే నేస్తమని ఒప్పుకోడు. ఉపయోగం చూపించి ప్రేమించమని అడిగితే, ఉపయోగం లేదని తేలినరోజు ఆ ప్రాణికి దిక్కుండదు. అడ్డూ అదుపూ లేకుండా మందు కొట్టిన చేలో సాలీళ్ళు ముందు చచ్చి, దోమపోటు మళ్ళీ రెట్టింపై వస్తుందన్నది రైతులు అనుభవించిన సంగతి. అది రాయి, దానికి విశేషణాలు అక్కరలేదు.

వ్యాసం మొదటి వాక్యంలో ప్రపంచంలోని పక్షులు ఏడాదికి 40 నుంచి 50 కోట్ల టన్నుల పురుగులను తింటాయన్న 2018 నాటి అంచనా ఇచ్చావు. లెక్క సరైనదే, చోటు సరైనది కాదు. ఆ అంచనాలోనే నూటికి డెబ్బై వంతులకు పైగా అడవి పక్షుల వాటా అని ఉంది. నీ విషయానికి పనికొచ్చే సంగతి అది. దాన్ని అడవి అధ్యాయం మధ్యకు తీసుకుపో.

పాలిచ్చే జంతువుల భాగం తొందరలో రాసినట్టుంది. ఎలుగుబంటికి పై దవడ ముందు పళ్ళలో రెండు ఉండవు. ఆ సందులోంచి, ముక్కురంధ్రాలు మూసుకుని, ముందు పుట్టలోని దుమ్మును ఊది తరువాత చెదలను పీల్చుకుంటుంది. ఆ చప్పుడు సుమారు రెండు వందల గజాల దూరానికి వినబడుతుంది. అదే ఎలుగుబంటి రేలకాయల, తునికిపండ్ల కాలంలో పుట్టలను అంతగా పట్టించుకోదు. ఋతువు మారితే నీ విభాగం కూడా మారుతుందన్నమాట. దేవాంగ పిల్లికి ఒక పేరా చాలు. చుంచును మాత్రం వదిలేయడం అన్యాయం. ఎలుక అనుకుని బోనులో పట్టి చంపే ఆ జంతువు ఎలుక జాతిదే కాదు, బొద్దింకలనూ పురుగులనూ తినేది. తల్లి చుంచు వెనక పిల్లలు ఒకదాని వెనక భాగాన్ని ఇంకొకటి నోట కరుచుకుని, గోడవారన ఒకే తాడులా పోతుంటే ఒకసారి మా వంటింట్లో చూశాను. చేతిలో చీపురు ఉంది, ఎత్తలేకపోయాను.

గబ్బిలం గురించి నువ్వు రాసినదంతా ఎక్కడో చదివినట్టే ఉంది. 1793లో ఇటలీలో స్పల్లాంజాని అనే శాస్త్రవేత్త కళ్ళు లేని గబ్బిలాలు కూడా దారి తప్పవని చూశాడు. అవి మనకు వినబడని అరుపులతో దారి తెలుసుకుంటాయని తేలేసరికి 1938 వచ్చింది. ఈ నూట నలభై అయిదేళ్ళ కథను నువ్వు ఒక పేజీ చెప్పావు. నీ పాఠకుడికి అంతకంటే చవకైన సాక్ష్యం ఉంది. వీధిదీపం చుట్టూ గబ్బిలాలు తిరుగుతున్నప్పుడు శనగగింజంత గులకరాయిని, వాటికి తగలకుండా, కాస్త దూరంగా పైకి విసిరితే ఒకటి గిర్రున తిరిగి దాని వెంట పడుతుంది, దగ్గరికి వచ్చాక వదిలేస్తుంది. నువ్వు ముందు చేసి చూసి, తరువాత రాయి.

చివరి అధ్యాయానికి నువ్వు ‘నగరం’ అని పేరు పెట్టావు. దాని బదులు ఒక తాటిచెట్టును తీసుకోమంటాను. తాటిపిట్ట వేలాడే తాటాకు అడుగున, మడతలో, ఈకలను ఉమ్మితో అతికించి గూడు కడుతుంది. కొమ్మ మీద వాలే అలవాటే లేని ఆ పిట్ట పగలంతా గాలిలోనే తింటుంది. అదే చెట్టు ఎండు మట్టల సందుల్లో చిన్న గబ్బిలాలు పగలు నిద్రపోతాయి. పొద్దు గూకే వేళ పిట్టలు లోపలికీ గబ్బిలాలు బయటికీ, ఒకే గాలిని వంతులవారీగా పంచుకుంటాయి. రోడ్డు వెడల్పు కోసం ఆ చెట్టును కొట్టేసినప్పుడు రెండు వంతులవాళ్ళూ ఇల్లు పోగొట్టుకుంటారు.

ప్రతిని ఈ ఉత్తరంతోపాటే తిప్పి పంపుతున్నాను. తొమ్మిదో పేజీలో రాత్రి బండి దీపాల వెలుగులో దారి మీద కూర్చున్న నైట్‌జార్ పిట్ట కళ్ళ గురించి నువ్వు రాసిన మూడు వాక్యాల మీద పెన్సిలు పెట్టలేదు. మీ ఊరి చెరువుకట్ట మీద తాళ్ళు ఇంకా ఉన్నాయన్నావు కదా, ఈ జూన్‌లో వాటి కింద నిలబడి, మొదటి గబ్బిలం బయటికి వచ్చేసరికి పిట్టలు ఇంకా ఎన్ని పైన ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయి.