స్విమ్ స్పా లోతు ఎంత ఉండాలి? చిన్నాకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నా,

నువ్వు కొనాలనుకుంటున్న స్విమ్ స్పా, అదే, మోటారు తోసే నీళ్లకి ఎదురుగా ఉన్నచోటే ఈదే తొట్టి, దాని గురించి పంపిన మూడు బ్రోచర్లూ చూశాను. పొడవు, మోటార్లు, లైట్లు, గ్యారంటీ అన్నీ పక్కపక్కన పెట్టి పట్టిక వేశావు. లోతు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఈతకి కదా పెద్దమ్మా, ఎంత లోతుంటే అంత మంచిది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. తొమ్మిదేళ్ల కిందట మేమూ అచ్చం ఇలాగే అనుకున్నాం. అందుకే ఫోన్‌లో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. అడ్వాన్సు కట్టేలోపు చదువు.

మేం కొన్న తొట్టి బయటి ఎత్తు 60 అంగుళాలు, లోపల నీళ్లు 53 అంగుళాలు. మీ పెదనాన్న ఆరడుగుల మనిషి. షోరూమ్‌లో ఆయన్నే ఖాళీ తొట్టిలోకి దింపి నిలబెట్టి చూశారు, సరిగ్గా సరిపోయిందన్నారు, సంతకం పెట్టేశాం. ఆ వేసవిలో అమలాపురం నుంచి మా అత్తగారు వచ్చారు. ఆవిడ మోకాళ్ల కోసమే సగం ఆశపడి కొన్నాం. పంటకాలువలో ఈది పెరిగిన మనిషి, నీళ్లంటే భయమన్నదే లేదు. లోపలి మెట్లు నిమ్మళంగా దిగారు. అడుగున పాదం మోపేసరికి నీళ్లు ముక్కు దాకా వచ్చేశాయి. మునివేళ్ల మీద లేస్తే గడ్డం పైకి వచ్చింది. రెండు చేతులతో స్టీలు కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చేతులు వణుకుతుంటే గాజులు ఆ కమ్మీకి తగిలి టకటకమంటున్నాయి. నేను కంగారుపడుతున్నానని చూసి, "ఏం లేదమ్మా, బాగానే ఉంది" అంటున్నారు. ఉన్న ఆరు నెలల్లో మళ్లీ ఒక్కసారి కూడా దిగలేదు. అంచు మెట్టు మీద కూర్చుని కాళ్లు మాత్రం నీళ్లలో పెట్టేవారు. ఆ గాజుల చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

మన వైపు కాలువ లోతు ఎంతని అడిగితే ఎవరైనా అంగుళాల్లో చెప్పేవాళ్లా? మోకాటి లోతు, మొలలోతు, ఛాతీ లోతు, పీకల్లోతు అనేవాళ్లు. నువ్వూ అలాగే లెక్క వేసుకో. 46 అంగుళాలు నీకు బొడ్డు దాటి కాస్త పైకి వస్తే, మీ అమ్మకి చంకల దాకా వస్తాయి. బ్రోచర్లో బొమ్మలోని మనిషి మాత్రం ఎప్పుడూ ఆరడుగులవాడే.

ముందు నీ ఈత సంగతి చెబుతాను. ఈదేవాడు నీళ్ల పైభాగంలో బోర్లా పడుకుని ఉంటాడు. ఫ్రీస్టైల్లో మోచెయ్యి వంచి నీటిని వెనక్కి లాగేటప్పుడు చెయ్యి సుమారు రెండడుగుల లోతుకు పోతుంది, కాళ్లు అంతకంటే తక్కువే. ప్రపంచ ఈత పోటీలు నడిపే వరల్డ్ ఆక్వాటిక్స్ వాళ్ల మామూలు పోటీ కొలనుల నిబంధనల్లో కూడా, దూకే దిమ్మెలున్న వైపు 1.35 మీటర్లు ఉండాలి గానీ మిగతా చోట్ల కనీసం 1 మీటరు చాలు. 1 మీటరంటే 39 అంగుళాలు. ఒలింపిక్స్ కొలను సంగతి వేరు. స్విమ్ స్పాలో నువ్వు దూకేది లేదు, దూకకూడదు కూడా. ఎదురుగా వచ్చే ప్రవాహానికి ఉన్నచోటే ఈదుతావు. లోతు పెరిగితే సుడులు కొంచెం తగ్గుతాయన్న మాట నిజమే, కానీ దానికి లోతు కంటే ప్రవాహం వెడల్పు, మోటారు ముఖ్యం. నీ ఈతకి 42 అంగుళాలు దాటాక ప్రతి అంగుళానికీ వచ్చే లాభం తక్కువ.

లోతుతో అసలు పని నిలబడేవాళ్లకి. నీళ్లు మొలలోతు ఉంటే మన బరువులో దాదాపు సగమే కాళ్ల మీద పడుతుంది. ఛాతీ దాకా వస్తే సుమారు మూడో వంతు. మెడ దాకా మునిగితే పదో వంతు. 66 కిలోల మనిషికి ఛాతీ లోతులో మోకాళ్లు మోసేది 22 కిలోలే. మీ అమ్మకి నొప్పి లేకుండా నడవడం మళ్లీ అలవాటయ్యేది అక్కడే. ఇంకా లోతైతే ఇంకా తేలిక కదా అంటావేమో. మెడ దాకా వచ్చాక పాదం నేల మీద నిలవదు, మనిషి తేలిపోతాడు, నడక కుదరదు. పైగా చుట్టూ నీళ్లు ఛాతీని నొక్కుతాయి కాబట్టి ఊపిరి తీయడం బరువవుతుంది. బీపీ, గుండె, ఆయాసం లాంటివి ఉన్నవాళ్లకి అది మంచిది కాదు. మీ అమ్మ మందులు చూపించి ముందు డాక్టర్ని అడుగు.

అందుకని ఇంట్లో అందరికంటే పొడుగైనవాణ్ని కాదు, రోజూ దిగేవాళ్లలో అందరికంటే పొట్టిగా ఉన్న పెద్దమనిషిని చూసి లోతు తేల్చు. మీ అమ్మ 4 అడుగుల 11 అంగుళాలు. ఛాతీ ఎముక కొస దాకా సుమారు 42 అంగుళాలు, భుజం దాకా 48. ఆ రెండింటి మధ్య, 44 నుంచి 46 లోపల నీటి లోతు చూడు. నీకు అది కాస్త తక్కువే. నిలబడి చేసే వ్యాయామాలకి మోకాళ్లు కొంచెం వంచుకుంటే సరిపోతుంది. నువ్వు వంగగలవు, ఆవిడ పెరగలేదు.

నీళ్లు కొంచెం తగ్గించుకుంటే పోలా అని మీ పెదనాన్న కూడా అన్నారు. కుదరదు. చెత్త లాగే స్కిమ్మర్, నీళ్లు చిమ్మే జెట్లు ఎక్కడున్నాయో నీటి మట్టం వాటి పైన ఉండి తీరాలి. లేకపోతే పంపు గాలి పీల్చుకుని పాడవుతుంది. అడుగున వేసుకునే పీటల్లాంటివి అమ్ముతారు. మేమూ ఒకటి వేశాం. కానీ దాని అంచు ఎక్కడుందో కాలితో వెతుక్కుంటూ నడవాలి. పెద్దవాళ్లకి ఆ టెన్షన్ పెట్టకు.

బ్రోచర్లో "ఎత్తు" అని రాసింది నీటి లోతు కాదు, తొట్టి బయటి కొలత. నీటి మట్టం అంచుకి కిందే ఉంటుంది, అడుగు మందం కూడా కలిపితే ఆరేడు అంగుళాల తేడా వస్తుంది. కాబట్టి "నిండా నింపాక, నిలబడే చోట నీళ్లు ఎన్ని అంగుళాలు?" అని అడిగి, ఈమెయిల్లో రాయించుకో. అడుగు అంతటా ఒకే మట్టమా, ఒక పక్క లోతు ఎక్కువా అన్నది కూడా అడుగు. నీ పట్టికలో మూడోది, అందరికంటే చవకైనది, నాకు అలాగే అనుమానంగా ఉంది.

ఖర్చు సంగతి తొందరగా చెప్పేస్తాను. 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు నీళ్లకి ఆరంగుళాలు కలిపితే వెయ్యి లీటర్ల పైమాటే. అంటే ఇంకో టన్ను బరువు. మామూలు హీటరుతో ఆ నీళ్లని 10 డిగ్రీల సెల్సియస్ వేడి చేయడానికే దాదాపు 12 యూనిట్ల కరెంటు కావాలి. ఇక్కడ టెక్సస్‌లో, మీ ఫ్రిస్కోలో, మా ప్లేనోలో ఉన్నది నల్ల బంకమట్టి. మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. పాత పేషియో పలక మీద పెట్టేద్దామనుకోకు, ఇంజనీరుకి చూపించి ఇనప చువ్వలతో కొత్త పలక పోయించు. మెట్లు తగ్గుతాయని సగం భూమిలోకి దించుతానంటే దించు, కానీ మోటార్ల వైపు మనిషి దూరేంత ఖాళీ, వాననీరు పోయే దారి ఉండాలి.

మెట్ల దగ్గర మాత్రం ఖర్చు చూడకు. 51 అంగుళాల గోడ ఎక్కి దిగడం మీ అమ్మకి నీళ్లలో నడవడం కంటే కష్టం. వెడల్పాటి మెట్లు, రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీ, అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకునేంత చోటు ఉండాలి.

పాప గురించి. దానికి నాలుగేళ్లు, 40 అంగుళాలుంటుందేమో. నువ్వు ఏ లోతు కొన్నా దానికి నిలువు లోతు దాటినట్టే. కాబట్టి తక్కువ లోతు కొన్నానని ధైర్యపడకు. అమెరికాలో ఒకటి నుంచి నాలుగేళ్ల వయసు పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్లలో మునగడమే. తాళం పడే మూత కొను, తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి. అది నీళ్లలో ఉన్నంతసేపూ చెయ్యి చాపితే అందేంత దూరంలో మీలో ఒకరుండాలి, ఫోన్ లోపల పెట్టేసి. నీళ్లు లాగే కన్నాలు జుట్టునీ ఒంటినీ పట్టేసుకోకుండా, 2007లో వచ్చిన వర్జీనియా గ్రేమ్ బేకర్ చట్టం ప్రకారం వాటికి ప్రత్యేకమైన మూతలే అమ్మాలి. అవి పగిలాయేమో నెలకోసారి చూడు. పాప జడ పైకి ముడేసి దింపు.

శనివారం షోరూమ్‌కి వెళ్లేముందు ఒక పని చెయ్యి. హాల్లో గోడకి 45 అంగుళాల ఎత్తున రంగు టేపు అంటించు. నువ్వు, నీ భార్య ఒకరి తర్వాత ఒకరు దాని పక్కన నిలబడండి. మీ అమ్మకి వీడియో కాల్ చేసి, వాళ్లింట్లో గోడకి కూడా అదే ఎత్తున సుద్దతో గీత గీయించి నిలబడమను. గీత ఆవిడ చంక కిందకి వస్తే మంచిది. నీటి లోతు ఆవిడ భుజం దాటే మోడల్ ఏదైనా వదిలెయ్యి.

షోరూమ్‌లో నీళ్లు నింపిన తొట్టిలో దిగి చూడనిస్తారు, ముందుగా ఫోన్ చేసి టైము అడుగు. నన్నూ తీసుకెళ్లు. నాది మీ అమ్మ ఎత్తే, స్విమ్ సూట్ తెచ్చుకుంటాను. నేను దిగి, కమ్మీ వదిలి నాలుగు చివరలా నడిచి వచ్చాక సంతకం పెడుదువుగాని.

మీ పెద్దమ్మ