సెల్లార్ మానుకో, సంపు సంగతి చూడు

చిరంజీవి లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

విజయవాడ సింగ్‌నగర్‌లో పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టిస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. లోను నీ పేరు మీదే అట, ప్లాను గీయించింది కూడా నువ్వేనట. మన ఇంట్లో ఆడపిల్లలు ఇళ్లకు ముగ్గులు పెట్టారు గానీ, ముగ్గు పోసి పునాది తీయించబోతున్న దాన్ని నిన్నే చూస్తున్నాను. మీ పెద్దమ్మ అప్పుడే వీధంతా చెప్పేసింది. నేను మాత్రం ఆ రాత్రి వాట్సాప్‌లో ప్లాను తెరిచాను. అడుగున సెల్లార్ కనిపించింది. ఇంకేం నిద్ర!

2024 సెప్టెంబరులో బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడి ఇల్లు మునిగిన దగ్గర్నుంచీ మీ అందరికీ ఒకటే టెన్షన్, వీధిలోంచి వచ్చే నీళ్లు. ఆ భయం ఉండాల్సిందే. అప్పుడు కృష్ణ కూడా నిండుగా పారింది, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైనే వదిలారు. 2005లోనూ బుడమేరు మనల్ని ముంచింది. కానీ ఆ వరద ఎన్నేళ్లకో ఒకసారి వస్తుంది. నేల కింది నీళ్లు ఏటా వస్తాయమ్మా. కాలువలు పారుతూ, పైన వానలు కూడా తగిలితే భాద్రపదానికి మన వీధిలో నాలుగడుగులు తవ్వితే ఊటే. అలాంటి చోట సెల్లార్ కడితే బతికినంత కాలం మోటారు పెట్టి తోడుకుంటూ కూర్చోవాలి. కరెంటు పోయిన రాత్రి కారు తేలుతుంది. ఇల్లు స్తంభాల మీద లేపి, కింద కార్లు పెట్టుకో. లిఫ్టు పెడితే దాని గొయ్యికి కూడా నీళ్లు రాకుండా చేయించు. మీటరు, మోటారు స్టార్టరు తలెత్తి చూసేంత ఎత్తులో ఉండాలి.

ఇక సంపు. దీని గురించి చెప్పడానికే ఈ ఉత్తరం.

నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పటి మాట. వినాయక చవితి వస్తోంది, వారం రోజులుగా ముసురు. సంపులో పాచి వాసన వస్తోందని మీ నాన్న మోటారు పెట్టి నీళ్లన్నీ తోడించి, మనిషిని దింపి గోడలు రుద్దించాడు. వానల్లో సంపు ఖాళీ చేయొద్దురా అని ఎన్నోసార్లు చెప్పాను. వింటేగా! నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి సంపు చుట్టూ గచ్చు చీలిపోయి, మూత ఒక పక్కకు నాలుగు వేళ్లు లేచి ఉంది. పైపు వంగిపోయింది. భూకంపం వచ్చిందేమో అంటోంది మీ అమ్మ. టార్చి వేసి చూస్తే సంపు అడుగు ఉబ్బి పగిలింది. పగుల్లోంచి మట్టి రంగు నీళ్లు బుడబుడా ఊరుతున్నాయి.

జరిగింది ఏమిటంటే, పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతున్న సంపు ఖాళీగా ఉండి, చుట్టూ మట్టిలో నీళ్లు నేల మట్టానికి వస్తే, పది టన్నుల పైచిలుకు బలంతో అవి దాన్ని పైకి తోస్తాయి. లోపల నీళ్లుంటే ఆ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. తోడేస్తే అది పడవే.

పోనీ అప్పుడైనా బుద్ధిగా చేశాడా? పగుల్లో సిమెంటు కుక్కాడు. కిందినుంచి నీళ్లు తోస్తుంటే పచ్చి సిమెంటు ఎక్కడ నిలుస్తుంది? సంపు నింపగానే ఊట ఆగినట్టు కనిపించింది, అందరూ ఊరుకున్నారు. అక్కడికి పది అడుగుల్లో సెప్టిక్ ట్యాంకు. సంపులో మట్టం తగ్గినప్పుడల్లా బయటి నీళ్లు లోపలికి వచ్చాయి. దసరా సెలవుల్లో నీకు కామెర్లు వచ్చాయి. ఒళ్లంతా పసుపు ముద్దలా అయిపోయావు. అన్నం పెడితే తల తిప్పేసుకునేదానివి. డాక్టరు చూసి తాగే నీళ్ల వల్లే అన్నాడు. మీ నాన్న మీద ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

అందుకని, కుళాయికి ప్రెషర్ ఉండదు కాబట్టి సంపు కావాలంటావు, సరే, సగం నేల పైకి ఉండేలా కట్టించు. ఇటుకతో వద్దు, కాంక్రీటు పోయించు. అడుగు భాగం మందంగా వేసి, దాన్ని గోడల బయటికి ఒక అడుగు చాచమను. దాని మీద కూర్చున్న మట్టి సంపును కిందికి పట్టి ఉంచుతుంది. సెప్టిక్ ట్యాంకు స్థలానికి ఆ చివర. సంపు కడగడం వైశాఖంలోనే.

ఇంకుడు గుంత తవ్వించమని అందరూ చెబుతారు. రాయలసీమలో మంచిదే. మన వీధిలో భాద్రపదంలో ఆ గుంతే బావి అవుతుంది, ఇంకడానికి చోటెక్కడ? డాబా నీళ్లను ట్యాంకులో పట్టుకో, మిగిలింది సైడు కాలువలోకి పంపు. డాబా గొట్టం తెచ్చి డ్రైనేజీ మ్యాన్‌హోల్లో కలిపేవాళ్లున్నారు, నువ్వు ఆ పని చేశావని తెలిస్తే గృహప్రవేశానికి రాను. పెద్ద వానకు ఆ లైను నిండి, మురుగంతా కింది అంతస్తు బాత్రూమ్‌లోంచి ఎగదన్నుతుంది. మురుగు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించు. గేటు ముందు ర్యాంపు కోసం కాలువ పూడ్చకు, పూడిక తీసేవాడి చెయ్యి పట్టేలా పైన పలకలు వేయించు.

గుమ్మం ఎత్తు విషయం. నేషనల్ బిల్డింగ్ కోడ్ కనీసం 45 సెంటీమీటర్లంటుంది, మనకది చాలదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది గీకకుండా పైనే పోస్తారు. మన పాత ఇంటికి మూడు మెట్లుండేవి, చివరికి ఒక్కటి మిగిలింది. రోడ్డు నడిమి నుంచి మూడున్నర అడుగులు లేపు. అలాగని ఖాళీ జాగా అంతా మట్టి పోసి మెరక చేయకు, ఆ నీళ్లన్నీ పక్కింటి ముసలమ్మ వంటింట్లోకి పోతాయి.

వచ్చే భాద్రపదంలో స్థలం మూలన ఐదడుగుల గొయ్యి తవ్వించు. మర్నాడు పొద్దున నీళ్లు ఎంత దాకా వచ్చాయో టేపుతో కొలిచి ఇంజినీరుకు ఇవ్వు, ఆ తర్వాతే పునాది డ్రాయింగు. ఎండాకాలంలో చూసి పొడి నేల అనుకోవద్దు. నాలుగు నెలలు ఆలస్యమైతే అవనీ, అద్దె నేను కడతాను.

ఇది మీ నాన్నకు చూపించకు. చూపించినా ఫరవాలేదులే, ఇన్నేళ్లుగా మొహం మీదే అంటున్నాను. మార్చిన ప్లాను ప్రింటు తీసి పంపు, ఫోన్లో అంకెలు కనిపించి చావట్లేదు.

మీ పెదనాన్న