బీవర్ కట్ట వెనక మేఫ్లైలు లేకపోతే వాగు పాడైనట్టేనా?

బీవర్ (పుల్లలతో వాగుకు అడ్డుకట్ట కట్టే జంతువు) కట్ట వెనక మడుగులో వల వేస్తే, శుభ్రమైన నీటికి గుర్తుగా చూసే మేఫ్లై, స్టోన్‌ఫ్లై పిల్లపురుగులు దాదాపు లేవని, ఎర్రటి మిడ్జ్ (దోమలాంటి చిన్న ఈగ) లార్వాలే వచ్చాయని, వాగు పాడైందా అని అడిగారు. దయచేసి ఆ ఒక్క నమూనాతో తేల్చేయకండి. నీరు నిలిచిన చోట ఒండ్రు పేరుకుని రాళ్ల సందులు పూడిపోతాయి, రాళ్లను అంటిపెట్టుకుని బతికేవి అక్కడ ఉండలేవు. ఆ మిడ్జ్‌ల ఎరుపు హిమోగ్లోబిన్‌ది. ఆక్సిజన్ తక్కువగా ఉండే బురదలో అవి నెగ్గుకొచ్చేది దానివల్లే.

రాళ్ల మీద పారే నీటిని అలాంటి నీటితోనే పోల్చాలి. మడుగుకు ఎగువన, కట్టకు బాగా దిగువన, లోతూ వేగమూ దగ్గరగా ఉన్న చోట్లు ఎంచుకోండి. 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు) కన్నుల వల, 30 × 30 సెం.మీ. చట్రం, చోటుకు కనీసం 3 నమూనాలు, ప్రతిసారీ అంతే సేపు రాళ్లు రుద్దడం. కట్టకు ఆనుకుని దిగువన తీస్తే మళ్లీ లెక్క తప్పుతుంది: మడుగులోంచి కొట్టుకొచ్చే నాచు తునకల్ని వడగట్టి తినే బ్లాక్‌ఫ్లై లార్వాలు, నీటిలో వల అల్లే క్యాడిస్ పురుగులు అక్కడ గుంపులుగా ఉంటాయి. కట్ట పుల్లల మధ్య నీరు జారే చోటా వెతకండి, పారే నీటి పురుగులు దొరకవచ్చు.

ఆక్సిజన్ తెల్లవారుజామున కొలవండి, మధ్యాహ్నం నాచు వల్ల ఎక్కువ చూపిస్తుంది. దూరాన దిగువలో కూడా స్టోన్‌ఫ్లైలు లేక, ఎగువన ఉంటే, అప్పుడు ముందుగా నీటి వేడిని అనుమానించండి, వాటికి చల్లని నీరు కావాలి.