జవాబు: ఒకే ఎఫ్‌జీఎఫ్ కంటి లెన్స్‌లో రెండు పనులు ఎలా చేస్తుంది?

తమ్ముడూ, లెన్స్ ముందువైపు కణాలు విభజన చెందడానికీ, వెనకవైపు పొడవాటి ఫైబర్లుగా మారడానికీ ఎఫ్‌జీఎఫే (ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్, అంటే కణాలకు సంకేతమిచ్చే ఒక ప్రోటీన్) కారణమని నోట్స్‌లో ఉంది, ఒకే పదార్థం రెండు పనులెట్లా చేస్తుందని అడిగావు. మహబూబ్‌నగర్‌లో అడిగేవాళ్లు దొరకట్లేదని టెన్షన్ పడకు, నోట్స్ సరిగ్గానే ఉంది. కిటుకంతా మోతాదులో ఉంది.

1989లో మెకావోయ్, చాంబర్లేన్ అనే పరిశోధకులు ఎలుక లెన్స్ ముందు పొర కణాలను తీసి ఎఫ్‌జీఎఫ్‌లో పెంచారు. మిల్లీలీటరుకు సుమారు 0.15 నానోగ్రాముల దగ్గర కణాలు విభజన చెందాయి, 3 దగ్గర కదిలాయి, 40 దగ్గర ఫైబర్లయ్యాయి. కంట్లోనూ అంతే. ముందున్న నీటి ద్రవంలో ఎఫ్‌జీఎఫ్ తక్కువ, వెనక రెటీనా వైపు జెల్లీలో ఎక్కువ. అందుకే కణం లెన్స్ అంచు దాటగానే సాగడం మొదలై, చివరికి కేంద్రకాన్ని కూడా పోగొట్టుకుంటుంది. నాకైతే ఇందులో అన్నిటికన్నా అద్భుతం అదే. కేంద్రకం మిగిలితే వెలుతురు చెదిరిపోతుంది మరి.

దీనికంటే ముందే, 1963లో పరిశోధకులైన కూలంబ్ర్ దంపతులు కోడి పిండంలో లెన్స్‌ను వెనక్కి తిప్పి పెట్టారు. రెటీనా వైపు వచ్చిన ముందు కణాలు ఫైబర్లుగా సాగాయి! పరీక్షలో ఇది తప్పక రాయి.

బీఎంపీలు (బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్లు, ఇవీ సంకేత ప్రోటీన్లే) కూడా కావాలి, ముఖ్యంగా లెన్స్ మొదట ఏర్పడేటప్పుడు. పరీక్షలో వీటి గురించి ఒక్క వాక్యం చాలు.

వీలైతే మటన్ కొట్టులో మేక కన్ను అడిగి తెచ్చుకో. మేం నల్గొండలో అట్లనే చేశాం. లెన్స్ ఉడికించి గోటితో గీరితే ఉల్లిపొరల్లా ఊడొస్తుంది. ఆ పొరలన్నీ ఈ ఫైబర్లే.